విజయవాడలో రెండున్నర రోజులు: పిల్లాపెద్దలతో ఊరు చూసి, చుట్టుపక్కల కొండలెక్కడానికి సమగ్ర మార్గదర్శి

విజయవాడకు రెండు మూడు రోజుల కోసం వచ్చే కుటుంబాలు సాధారణంగా చూడవలసిన చోట్ల పట్టిక ఒకటి రాసుకుని, దగ్గర నుంచి దూరానికి వరుసగా తిరగడం మొదలుపెడతాయి. ఈ ఊరికి ఆ పద్ధతి కలిసిరాదు. కొండవీడు ఒక్కటి తప్ప చూడదగిన చోట్లన్నీ పాతిక ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్నాయి కనుక ఇక్కడ దూరం సమస్య కాదు, ఎండ సమస్య. ఉదయం ఏడు గంటలకు హాయిగా ఎక్కే మెట్ల దారినే పదకొండు గంటలకు ఎక్కబోతే సగంలోనే పిల్లలు ఏడుపు అందుకుంటారు, పెద్దవాళ్లు గొంతెండి కూలబడతారు. అందువల్ల ముందు రాసుకోవలసింది చోట్ల పేర్లు కాదు, వేళలు. పొద్దున కొండ, ఎండవేళ నీడపట్టున ఉండే గుహ లేదా మ్యూజియం, సాయంత్రం కృష్ణ ఒడ్డు అనే మూడు గళ్లు గీసుకుని, ఆ గళ్లలో ఏది పడుతుందో చూసుకోవడమే ఈ మార్గదర్శి అనుసరించే పద్ధతి. శుక్రవారం మధ్యాహ్నానికి ఊరు చేరి, ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణమయ్యే కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని దీన్ని రాశాను. సోమవారం కూడా సెలవు దొరికినవారికి కొండవీడు గురించి చివరలో చెప్పాను.

మొదట నెలను ఎంచుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు కొండలెక్కడానికి నిస్సందేహంగా మంచి కాలం. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యోదయం దాదాపు ఆరున్నరకు అవుతుంది కనుక పిల్లలను నడిరాత్రి లేపినట్టు లేపవలసిన అవసరం కూడా ఉండదు. మార్చి రెండో పక్షం నుంచి జూన్ మధ్య వరకు కొండల జోలికి పోకపోవడమే నా సలహా. తప్పనిసరిగా రావలసి వస్తే ఆరు గంటలకు ముందే మొదటి మెట్టు ఎక్కి, ఎనిమిదింటికల్లా కిందికి దిగిపోవాలి. ఇక్కడి బండరాళ్లు పగలంతా తాగిన వేడిని రాత్రి పొద్దుపోయే దాకా కక్కుతూనే ఉంటాయి కాబట్టి వేసవిలో సాయంత్రపు ఎక్కుడు కూడా పెద్దగా ఉపశమనం ఇవ్వదు.

వర్షాకాలంలో కొండలు పచ్చగా, చూడముచ్చటగా ఉంటాయి గానీ బండలు జారతాయి, పొదల్లో పాములు తిరుగుతాయి, ఎగువన వరద ఉంటే పడవలు ఆపేస్తారు. 2024 సెప్టెంబరు ఆరంభంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదనూ, అదే సమయంలో బుడమేరు ముంచెత్తిన విజయవాడ కాలనీలనూ ఎవరూ మరిచిపోలేదు. జులై నుంచి అక్టోబరు వరకు వచ్చేవారు రోజూ వాతావరణ సూచన చూసుకుని, నది కార్యక్రమం లేకపోయినా నడిచే ప్రత్యామ్నాయం ఒకటి చేతిలో ఉంచుకోవాలి.

తేదీలు ఖరారు చేసే ముందు పండుగల క్యాలెండరు చూడడం మరవకండి. దసరా నవరాత్రుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజున, కనకదుర్గమ్మ గుడి ఉన్న ఇంద్రకీలాద్రి కొండ చుట్టూ వాహనాలను దారి మళ్లిస్తారు, బస దొరకదు. డిసెంబరు ప్రాంతంలో భవానీ దీక్షల విరమణ రోజుల్లోనూ ఇంచుమించు అదే పరిస్థితి. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత ఉత్సవాలు జరుగుతాయి. ఉత్సవం చూడడానికే వచ్చేవారి సంగతి వేరు. పిల్లలతో నింపాదిగా తిరగాలనుకునేవారు ఆ తేదీలను వదిలేయాలి.

ఎవరి కాళ్లను బట్టి కొండను ఎంచుకోవాలి

కుటుంబంలో అందరికన్నా మెల్లగా నడిచే మనిషి ఎవరో ముందుగా తేల్చుకుని, ఆ మనిషి నడకతోనే లెక్కలు వేయాలి. ఆరేళ్లు దాటిన పిల్లలు ఐదారు వందల మెట్లను సంతోషంగా ఎక్కుతారు. మూడు నుంచి ఐదేళ్ల వారు సగం దూరం నడిచి మిగతా సగం భుజమెక్కుతారు. అంతకన్నా చిన్న బిడ్డలుంటే ఒంటికి కట్టుకునే గుడ్డ ఉయ్యాల లాంటిదేదైనా తెచ్చుకోవాలి, తోపుడు బండి ఇక్కడ ఏ కొండ మీదా పనికిరాదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి ఎక్కడం కన్నా దిగడమే కష్టం. అలాంటివారి కోసం ఘాట్ రోడ్డు ఉన్న కొండనే ఎంచుకుంటే వాళ్లు బండిలో పైకి చేరతారు, మిగతావారు నడిచి ఎక్కి అక్కడ కలుస్తారు. మంగళగిరి, కొండపల్లి, కొండవీడు మూడింటికీ పైదాకా బండి వెళ్లే దారి ఉంది. కుటుంబాలకు వీటిని సూచించడానికి ఇదే అసలు కారణం.

కొండ అలవాటు బొత్తిగా లేని కుటుంబం అసలు ప్రయాణానికి ముందు ఊళ్లోనే ఒకసారి కాళ్లను పరీక్షించుకోవచ్చు. గుణదల మేరీమాత గుడి వెనుక కొండ అందుకు అనువైనది. మెట్లు బాగుంటాయి, దారి పొడవునా శిలువ మార్గపు ఘట్టాలు ఉంటాయి, పై నుంచి ఊరు కనిపిస్తుంది. రైల్వే స్టేషన్ పక్కనే ఉన్న గాంధీ కొండ ఇంకా తేలిక. 1968లో అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించిన 52 అడుగుల గాంధీ స్తూపం ఆ కొండ మీదే ఉంది. అక్కడి నుంచి చూస్తే స్టేషన్‌లోకి వచ్చిపోయే రైళ్లన్నీ కనిపిస్తాయి కనుక చిన్నపిల్లలు స్తూపాన్ని పట్టించుకోకపోయినా రైళ్లను వదిలి రారు.

ఇంకొక్క నియమం: రోజుకు ఒకే కొండ. పొద్దున మంగళగిరి ఎక్కి, సాయంత్రం ఇంకో కొండ ఎక్కుదామని కాగితం మీద రాసుకోవడం తేలికే గానీ, రెండో రోజు ఉదయం మంచం దిగడానికి పిల్లలు ఒప్పుకోరు.

బస, బండి

రైల్లో, బస్సులో వచ్చేవారు గాంధీనగర్, గవర్నరుపేట ప్రాంతాల్లో దిగడం మేలు. రైల్వే స్టేషన్, పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ రెండూ దగ్గర. తెల్లవారుజామునే టిఫిన్ దొరికే హోటళ్లూ ఆ వీధుల్లోనే ఎక్కువ. వెన్న వేసిన ఇడ్లీకి పేరుపడిన బాబాయ్ హోటల్ గాంధీనగర్‌లోనే ఉంది. సొంత కారులో వచ్చేవారికి ఆ ఇరుకు వీధుల్లో బండి పెట్టుకోవడం తలనొప్పి కాబట్టి బెంజి సర్కిల్ వైపు గాని, భవానీపురం వైపు గాని చూసుకోవాలి. భవానీపురంలో నది ఒడ్డున పర్యాటక సంస్థ వారి హరిత బెరం పార్కు ఉంది. భవానీ ద్వీపానికి పడవలు అక్కడి నుంచే వెళతాయి, కొండపల్లి దారి కూడా అటే. గన్నవరం విమానాశ్రయం ఊరికి దాదాపు 20 కిలోమీటర్లు.

ఊళ్లో తిరగడానికి ఆటోలు, యాప్ ద్వారా పిలిచే బండ్లు సరిపోతాయి. కొండలకు వెళ్లే రెండు ఉదయాలకు మాత్రం కారు మాట్లాడుకోండి. తెల్లవారుజామున ఐదున్నరకు యాప్‌లో బండి దొరికినా, తిరిగి వచ్చేటప్పుడు కొండ దిగువన దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఎనిమిది గంటలు, ఎనభై కిలోమీటర్ల లెక్కన కారు ఇవ్వడం ఇక్కడ వాడుకలో ఉన్న పద్ధతి. కింద చెప్పిన శని, ఆదివారాల కార్యక్రమాలూ ఆ లెక్కలోనే ఇముడుతాయి. ఘాట్ రోడ్డు ఎక్కాల్సి ఉంటుందనీ, బండి పెట్టే రుసుములు, టోలు ఎవరు కట్టాలనీ ముందు రోజు రాత్రే మాట్లాడుకుంటే పొద్దున్నే పేచీ ఉండదు.

హైదరాబాదు నుంచి సొంత కారులో వచ్చేవారికి ఒక సౌకర్యం ఉంది. 65వ నంబరు జాతీయ రహదారి మూలపాడు, ఇబ్రహీంపట్నం మీదుగానే ఊళ్లోకి వస్తుంది కనుక ఆదివారం కార్యక్రమంగా నేను చెప్పబోయే కొండపల్లిని తిరుగు ప్రయాణంలో చూసుకుని అటునుంచి అటే వెళ్లిపోవచ్చు. చెన్నై, ఒంగోలు వైపు నుంచి వచ్చేవారికి 16వ నంబరు రహదారి మీద ముందు కొండవీడు మలుపు, తర్వాత మంగళగిరి తగులుతాయి; వారు వరుసను తిరగేసుకోవచ్చు.

శుక్రవారం సాయంత్రం: బ్యారేజీ మీద నడక

ప్రయాణం చేసి వచ్చిన రోజు ఏమీ ఎక్కవద్దు. నాలుగున్నర ప్రాంతంలో ప్రకాశం బ్యారేజీ దగ్గరికి వెళ్లి, నడవగలిగినంత దూరం నడిచి రండి. వంతెన పొడవు సుమారు 1,220 మీటర్లు కాబట్టి చిన్నపిల్లలున్నవారు సగం నుంచే వెనక్కి తిరగడం మంచిది. నడిచేటప్పుడు పిల్లలను పిట్టగోడ వైపు ఉంచుకోవాలి, వాహనాల రాకపోకలు అక్కడ ఎప్పుడూ ఆగవు.

ఇక్కడ 1850లలో బ్రిటిష్ వారి హయాంలో కట్టిన ఆనకట్ట ఉండేది. అది 1952లో తెగిపోయాక దాని స్థానంలో కట్టిన బ్యారేజీ 1957లో వాడుకలోకి వచ్చింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు దానికి పెట్టారు. పిల్లలకు చెప్పవలసిన సంగతి తేదీలు కాదు, నీళ్లు ఎటు పోతాయన్నది. ఊళ్లో ఏ దారిన వెళ్లినా అడ్డం వచ్చే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఇక్కడి నీళ్లతోనే పారతాయనీ, ఆ నీళ్లు పోయి డెల్టా వరి పొలాలను తడుపుతాయనీ చెబితే, మరునాడు కారు వంతెన దాటినప్పుడల్లా ఇది ఏ కాలువని వాళ్లే అడుగుతారు. ఊరి ట్రాఫిక్ అంతా ఆ కాలువ వంతెనల దగ్గరే ఎందుకు బిగుసుకుంటుందో పెద్దవాళ్లకూ అప్పుడే అర్థమవుతుంది.

చీకటి పడ్డాక దుర్గా ఘాట్ వైపు కాసేపు కూర్చుని, పెందలాడే భోంచేసి తొమ్మిదింటికల్లా పడుకోవాలి. శుక్రవారం అమ్మవారికి విశేషమైన రోజు, క్యూలైన్లు బారుగా ఉంటాయి కనుక దర్శనాన్ని ఆ సాయంత్రం పెట్టుకోవద్దు.

శనివారం ఉదయం: మంగళగిరి మెట్లు

ఐదున్నర, ఆరు మధ్య బయల్దేరితే అరగంటలో మంగళగిరి చేరతారు. వెళ్లే ముందు పిల్లలకు ఒక అరటిపండు, నాలుగు బిస్కెట్లు పెడితే చాలు. కడుపు నిండా టిఫిన్ తిని మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. కొండ పేరెత్తితే పానకాల నరసింహస్వామి గుర్తుకు వస్తాడు. అక్కడ పూర్తి విగ్రహం ఉండదు, స్వామి నోరు తెరుచుకున్నట్టున్న ముఖం ఉంటుంది. బెల్లం పానకాన్ని శంఖంతో ఆ నోట్లో పోస్తే గుటకలు వేసిన చప్పుడు వినిపిస్తుందనీ, సగం తాగి సగం ప్రసాదంగా వదులుతాడనీ భక్తుల విశ్వాసం. ఇంత బెల్లం ఒలికినా చీమలు పట్టవని కూడా చెబుతారు. పిల్లలను అడిగితే వాళ్లు వెతికి చూసి చెబుతారు, అదొక కాలక్షేపం.

మెట్లు సుమారు ఆరు వందలు ఉంటాయి. 1890లో చన్నాప్రగడ బలరామదాసు గారు ఈ మెట్ల మార్గాన్ని కట్టించారు. మెట్ల మొదట్లో చైతన్య మహాప్రభువు పాదముద్రలుగా చెప్పుకునే గుర్తులు ఉన్నాయి. పిల్లలతో నింపాదిగా ఎక్కితే ముప్పావు గంట పడుతుంది. వంద మెట్లకు ఒకసారి ఆగే ఒప్పందం ముందే చేసుకుని, మెట్లు లెక్కపెట్టే పనిని పిల్లలకు అప్పజెప్పండి. పాదరక్షలు కిందే వదిలి ఎక్కడం చాలామంది పాటించే ఆనవాయితీ. పొద్దున చల్లగా ఉండే ఆ రాయి తొమ్మిది దాటాక దిగేటప్పుడు కాల్చేస్తుంది కాబట్టి ఒక్కొక్కరికి ఒక జత మందపాటి మేజోళ్లు సంచిలో పెట్టుకోవాలి. మెట్లు ఎక్కలేని పెద్దవారిని కారులో ఘాట్ రోడ్డు మీదుగా పంపించండి.

ఈ గుడి విషయంలో వేళ చాలా ముఖ్యం. సాయంత్రాలు దేవతలు వచ్చి స్వామిని కొలుస్తారన్న నమ్మకం వల్ల కొండ మీది ఆలయాన్ని మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలోనే మూసేస్తారు. సాయంత్రం చల్లబడ్డాక ఎక్కుదామనుకుని వచ్చినవారికి తలుపులే కనిపిస్తాయి. దర్శనమయ్యాక పానకం పట్టుకోవడానికి మూత గట్టిగా బిగిసే సీసా ఒకటి తీసుకెళ్లండి. కొబ్బరిచిప్ప గాని, అరటిపండు గాని చేతిలో పట్టుకుని నడవవద్దు. కోతులు పిల్లల చేతుల్లోంచే లాక్కుంటాయి, ఆ గుంజులాటలో మెట్ల మీద కాలు జారడమే అసలు ప్రమాదం.

కిందికి దిగి టిఫిన్ చేశాక లక్ష్మీనరసింహస్వామి దిగువ ఆలయపు గాలిగోపురాన్ని చూడాలి. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1807, 1809 మధ్య కట్టించిన ఈ గోపురానికి పదకొండు అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. అంత ఎత్తు గోపురాన్ని గుమ్మం దగ్గర నిలబడి చూస్తే మెడ నొప్పి తప్ప ఏమీ మిగలదు, వీధిలో కొంచెం వెనక్కి నడిచి చూడండి. మంగళగిరి చేనేత చీరలు కొనే ఉద్దేశం ఉంటే ఆ పని అరగంటలో తేలదు. ఇంట్లో ఇద్దరు బేరం చూసుకుంటూ ఉండగా మిగతావారు పిల్లలతో ఉండవల్లికి వెళ్లిపోవడం అందరికీ క్షేమం.

అదే పూట ఉండవల్లి

పానకాలస్వామి గుడి పక్కనున్న బిలం ఉండవల్లి గుహల దాకా పోతుందని స్థానికంగా చెప్పుకుంటారు. మనం మాత్రం కారులోనే వెళ్లాలి, పావుగంట నుంచి ఇరవై నిమిషాల దారి. పదింటి ప్రాంతంలో చేరితే సరిగ్గా ఎండ ముదిరే వేళకు కొండ లోపల నీడలో ఉంటారు. విష్ణుకుండినుల కాలానికి చెందినవిగా భావించే ఈ గుహలు నాలుగు అంతస్తులు. పైనుంచి కిందికి కొండను తొలుచుకుంటూ వచ్చిన స్తంభాలూ, మండపాలే తప్ప రాయి మీద రాయి పేర్చి కట్టింది కాదు. అన్నిటికన్నా కింది అంతస్తు అసంపూర్తిగా ఆగిపోవడం వల్ల శిల్పులు పని ఎలా చేసేవారో, ఉలి ఎక్కడ ఆగిందో అక్కడ కళ్లారా కనిపిస్తుంది. అందరూ అనంతశయనుడి దగ్గరికి పరుగెత్తుతారు గానీ ముందు ఆ కింది అంతస్తులో ఐదు నిమిషాలు నిలబడండి. పైన చూడబోయేదానికి విలువ పెరుగుతుంది.

మెట్ల మీదుగా పైకి వెళితే ఇరవై అడుగుల దాకా పొడవున్న శేషశాయి విష్ణువు పడుకుని ఉంటాడు. లోపల వెలుతురు తక్కువ కనుక టార్చిలైటు ఉపయోగపడుతుంది. బయటి వసారాలో కొండ అంచున కూర్చున్న ఋషుల విగ్రహాలను పిల్లలు ఇష్టపడతారు. అక్కడ అంచుకు దగ్గరగా పోకుండా వాళ్ల చెయ్యి పట్టుకోవాలి. ఇది కేంద్ర పురావస్తు శాఖ పరిరక్షణలో ఉన్న కట్టడం, ప్రవేశానికి టికెట్టు ఉంటుంది, పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఉచితం. గంట, గంటంబావు చాలు. అక్కడి నుంచి సీతానగరం మీదుగా బ్యారేజీ దాటితే ఊళ్లోకి వచ్చేస్తారు.

శనివారం మధ్యాహ్నం, సాయంత్రం

భోజనం చేశాక రెండు గంటలు నిద్రపోండి. ఇది సోమరితనం కాదు, ఈ ఊరివాళ్లు ఎండను దాటే పద్ధతి. నిద్ర పట్టని పిల్లలుంటే బందరు రోడ్డులోని బాపు మ్యూజియానికి తీసుకెళ్లండి. విక్టోరియా రాణి స్వర్ణోత్సవాల పేరుమీద 1887లో మొదలైన ఈ పాత భవనాన్ని బాగుచేసి 2020లో కొత్త పేరుతో తెరిచారు. 1921లో విజయవాడలో ఆలిండియా కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య తన జెండా నమూనాను గాంధీజీకి అందించిన ఘట్టంతో ఈ చోటికి సంబంధం ఉంది. అల్లూరులో దొరికిన పాలరాతి రంగు బుద్ధ విగ్రహం దగ్గర మాత్రం ఆగకుండా రావద్దు.

సాయంత్రం నాలుగింటికి భవానీ ద్వీపం. 133 ఎకరాల ఈ ద్వీపంలో పిల్లలకు పరుగెత్తడానికి చోటుంది, అదే దాని గొప్పతనం. అంతకు మించి ఆశించి వెళ్లకండి. పడవ విషయంలో మొహమాటం పనికిరాదు. పర్యాటక సంస్థ రేవు నుంచే ఎక్కాలి, లైఫ్ జాకెట్టు అందరూ వేసుకోవాలి, పిల్లల కొలతకు తగినది అడిగి తీసుకోవాలి, జనం ఎక్కువగా ఎక్కుతుంటే దిగిపోయి తర్వాతి పడవకు ఆగాలి. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయిన దుర్ఘటన ఈ నది మీదే జరిగింది. చివరి తిరుగు పడవ ఎన్ని గంటలకో ద్వీపంలో దిగగానే అడిగి తెలుసుకోండి.

అమ్మవారి దర్శనం ఎక్కడ ఇమడ్చాలి

విజయవాడ దాకా వచ్చి కనకదుర్గమ్మను చూడకుండా వెళ్లడానికి చాలా కుటుంబాలు ఒప్పుకోవు. ఆదివారం పొద్దెక్కే కొద్దీ రద్దీ పెరుగుతుంది. అందువల్ల రెండు మార్గాలు ఉన్నాయి. ఆదివారం తెల్లవారుజామునే దర్శనం చేసుకుని, కింద చెప్పబోయే మూలపాడు అడవి నడక వదిలేసి నేరుగా కొండపల్లి కోటకు వెళ్లడం మొదటిది. శనివారం ద్వీపం కార్యక్రమాన్ని మానుకుని ఆ సాయంత్రం దర్శనానికి కేటాయించడం రెండోది. చిన్నపిల్లలున్న కుటుంబానికి మొదటిదే నయం, ఎందుకంటే సాయంత్రపు క్యూలో అలసిన పిల్లలను నిలబెట్టడం కన్నా పొద్దున్నే నిద్రమత్తులో ఎత్తుకెళ్లడం తేలిక. దర్శనం, ద్వీపం రెండూ చేద్దాం, నడక కూడా నడుద్దాం అనుకుంటే మూడింటిలో ఏదీ సరిగా సాగదు. పెద్దవారికి మహామండపం వైపు లిఫ్టులు ఉన్నాయి. కొండ దిగాక ఓపిక మిగిలితే ఆ కొండ అంచునే ఉన్న అక్కన్న మాదన్న గుహలను చూడవచ్చు. గోల్కొండ తానీషా మంత్రుల పేరు వాటికి తర్వాతి కాలంలో వచ్చింది, గుహలు వారికన్నా చాలా పాతవి.

ఆదివారం: మూలపాడు అడవి, కొండపల్లి కోట, బొమ్మలు

దర్శనం ముందే అయిపోయినవారు ఆరింటికి బయల్దేరి మూలపాడు చేరాలి. ఇక్కడ కొండపల్లి అభయారణ్యపు అంచున అటవీ శాఖ వారి సీతాకోకచిలుకల ఉద్యానం ఉంది. దాని చుట్టుపక్కల కాలిబాటలు విజయవాడ ట్రెకింగ్ మిత్రులకు చిరపరిచితమైనవి. మెట్లు లేని, మట్టి, గులకరాళ్ల దారిలో పిల్లలు నడవడానికి ఇది మంచి చోటు. శనివారం మంగళగిరిలో ఎక్కిన కాళ్లకు ఇది భారం కూడా కాదు. అనుమతి ఉన్న బాటనే పట్టుకోవాలి, తెలిసిన మనిషి తోడు లేకుండా లోపలి అడవిలోకి పోకూడదు, గంటసేపు ముందుకు నడిచాక ఎంత బాగున్నా వెనక్కి తిరగాలి. వానలు తగ్గిన నెలల్లో సీతాకోకచిలుకలు బాగా కనిపిస్తాయి, ఎండ కాస్త తగిలాకే రెక్కలు విప్పుతాయి కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు ఎక్కువ కనిపించడం సహజం.

కోటకు టికెట్లు పొద్దెక్కాకే ఇస్తారు కనుక మూలపాడు నడక ముగించి, టిఫిన్ చేసి, కోట తెరిచే వేళకు పైకి చేరేలా చూసుకోవాలి. ఊరి నుంచి కోటకు మెట్ల కాలిబాట ఒకటి, అడవి మధ్యగా ఘాట్ రోడ్డు ఒకటి ఉన్నాయి. మూలపాడులో నడిచినవారు బండిలోనే వెళ్లాలి. మూలపాడు నడక వదిలేసినవారిలో పదేళ్లు దాటిన పిల్లలు, ఓపికున్న పెద్దలు చలికాలంలో మెట్ల బాటన ఎక్కవచ్చు. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజుల నాటి ఈ కోట తర్వాత గజపతులకు, వారి నుంచి శ్రీకృష్ణదేవరాయలకు, ఆపైన కుతుబ్ షాహీలకు చేతులు మారి, 1766లో ఇంగ్లీషువారికి దక్కింది. వాళ్లు దీన్ని సైనిక శిక్షణకు వాడుకున్నారు. చరిత్ర చదివి బోరు కొట్టించకుండా పిల్లలకు ఒక పని అప్పజెప్పండి: శత్రువు ఎటునుంచి రాగలడో, ఏ బురుజు నుంచి కనిపిస్తాడో వెతకమనండి. వరుసగా దాటే ద్వారాలు, రాజమహలు శిథిలాలు, కొండ మీద నీళ్లు నిలవబెట్టుకున్న కోనేరు, అన్నీ ఆ ఒక్క ప్రశ్నకు సమాధానంగానే అర్థమవుతాయి. శిథిలమైన గోడలెక్కనివ్వవద్దు, పిట్టగోడలు అన్ని చోట్లా లేవు.

పదకొండున్నర దాటితే దిగిపోయి కొండపల్లి ఊళ్లో బొమ్మల కాలనీకి రండి. ఈ వేళకు నీడలో కూర్చుని చూడదగిన పని ఇదే. చుట్టుపక్కల అడవుల్లో పెరిగే తెల్లపొణికి అనే తేలికైన కర్రను ఎండబెట్టి, వేడిమీద తేమ పోగొట్టి, అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. సున్నపు పూత ఆరాక రంగులు వేస్తారు. దుకాణంలోకి వెళ్లే ముందు పని జరుగుతున్న అరుగు దగ్గర కాసేపు నిలబడి, చేసేవారి అనుమతి తీసుకుని చూడండి. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాడెక్కే గీత కార్మికుడు ఇక్కడి పేరున్న బొమ్మలు. మక్కు అతుకుల దగ్గరే విరుగుతాయి కనుక విడి చేతులున్న బొమ్మలను బట్టల పెట్టెలో కుక్కకుండా అట్టపెట్టెలో కట్టించుకుని చేత్తో పట్టుకెళ్లాలి. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవారు డిసెంబరులోనే కొనడం మంచిది, జనవరి మొదటి వారానికి ఏరుకోవడానికి ఎక్కువ మిగలవు.

మధ్యాహ్నం రెండింటికి ఊళ్లోకి వస్తే భోంచేసి, సామాను సర్దుకుని, సాయంత్రం రైలు అందుకోవడానికి తీరిక ఉంటుంది. హోటలు గది ఖాళీ చేయవలసి వస్తే స్టేషన్ క్లోక్‌రూములో సామాను పెట్టుకోవచ్చు, పెట్టెలకు తాళం ఉండాలి.

సంచిలో ఉండవలసినవి

మనిషికి లీటరు నీళ్లు, పిల్లలకు ఓఆర్ఎస్ పొట్లాలు, అంచున్న టోపీలు, మేజోళ్లు, టార్చిలైటు, దెబ్బలకు పట్టీలు, కాగితం సంచిలో వేరుశనగ ఉండలు చాలు. కొండ మీద కొనుక్కోవచ్చులే అని నీళ్లు తేకుండా రావద్దు. బూట్లు కొత్తవైతే ఇంటి దగ్గర వారం రోజులు తొడిగి నడిచాకే తీసుకురండి.

సోమవారం కూడా ఉంటే: కొండవీడు

ఇది మిగతా రెండింటికన్నా పెద్ద కొండ, పెద్ద కోట. గుంటూరు, చిలకలూరిపేటల మధ్య యడ్లపాడు దగ్గర జాతీయ రహదారి వదిలి లోపలికి వెళ్లాలి. విజయవాడ నుంచి పోయి రావడానికి ఎనభై కిలోమీటర్ల కారు లెక్క సరిపోదు, పూర్తి రోజు మాట్లాడుకోవాలి. లేదా ఆదివారం రాత్రికే గుంటూరు చేరి, శంకర్ విలాస్ సెంటర్ ప్రాంతంలో బస చేసి, తెల్లవారాక బయల్దేరడం ఇంకా సుఖం. అద్దంకి నుంచి రెడ్డిరాజుల రాజధాని ఇక్కడికి మారింది. పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది ఈ ఊళ్లోనే. 1515లో కృష్ణదేవరాయలు దీన్ని గజపతుల నుంచి గెలుచుకున్నాడు.

ఘాట్ రోడ్డు వచ్చాక కొండవీడు కుటుంబాలకు అందుబాటులోకి వచ్చింది. పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అనే మూడు చెరువులున్నాయి. ఇంత ఎత్తున నీళ్లు నిలిచే ఆ చెరువుల గట్ల మీద నడకే చిన్నపిల్లలకు సరిపోయే కార్యక్రమం. బురుజుల దాకా వెళ్లే బాటలు రాళ్లతో, ముళ్ల పొదలతో ఉంటాయి, పొడుగు ప్యాంట్లు వేసుకోవాలి. పైన భోజనం దొరుకుతుందని నమ్ముకోకుండా గుంటూరులోనే పులిహోర, పెరుగన్నం కట్టించుకుని వెళ్లండి. చెత్తను తిరిగి కిందికి తెచ్చుకోండి, కోతులకు ఏమీ పెట్టకండి. చీకటి పడేలోగా ఘాట్ రోడ్డు దిగిపోవాలి.

అనుకున్నట్టు జరగనప్పుడు

పొద్దున్నే వాన పడితే మెట్లు, కాలిబాటలు రెండూ మానుకుని ఉండవల్లి, బాపు మ్యూజియం, బొమ్మల కాలనీ మూడూ ఒకే రోజున చూడవచ్చు. మూడింటికీ పైకప్పు ఉంది. నదిలో వరద ఉంటే పడవను మరిచిపోయి, పోలీసులు అనుమతించిన చోట నిలబడి బ్యారేజీ గేట్లు ఎత్తిన దృశ్యం చూడండి. పిల్లల్లో ఎవరికైనా రాత్రి జ్వరం తగిలితే కుటుంబాన్ని రెండుగా విడగొట్టి, ఒకరు బసలో ఉండి మిగతావారు వెళ్లాలి. ఎండలో తల తిరుగుతోందనో, చెమట ఆగిపోయిందనో ఎవరైనా అంటే, అప్పటికి గుడి ఇంకా పాతిక మెట్ల దూరంలోనే ఉన్నా సరే, అక్కడే నీడలో కూర్చోబెట్టి తల, మెడ తడిపి, తెలివిగా ఉన్నవారికి గుక్కగుక్కగా నీళ్లు తాగించి, కాస్త తేరుకోగానే కిందికి దించాలి. తేరుకోకపోతే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.